జుబ్రూఫ్కా: సీసాలో గడ్డిపోచ ఉండే పోలిష్ వోడ్కాని రకరకాలుగా తాగి చూసిన నా అనుభవం

పోలండ్‌కి కొత్తగా వచ్చిన మనవాళ్ళు షాపులో ఆ సీసా చూడగానే అడిగేది ఒకటే, లోపల ఆ గడ్డిపోచ ఏంటి, ఎవరూ చూసుకోకుండా పడిపోయిందా అని. కావాలనే వేస్తారు. సీసా మీద అడవిదున్న (బైసన్) బొమ్మ, లోపల లేత పచ్చ రంగు మందు, అందులో నిలువుగా ఒక గడ్డిపోచ. పేరు జుబ్రూఫ్కా. ఇక్కడ అడవిదున్నని జుబ్ర్ అంటారు, అవి తిరిగే అడవిలో మొలిచే గడ్డి కాబట్టి గడ్డికి జుబ్రూఫ్కా అని పేరు, ఆ గడ్డి వేసిన మందుకీ అదే పేరు.

నేను వార్సాలో సాఫ్ట్‌వేర్ జాబ్ చేస్తున్నా, ఇన్నాళ్ళూ దీని జోలికి పోలేదు, ఎందుకంటే వోడ్కా అంటే నాకు హైదరాబాద్‌లో చదువుకునే రోజుల్లో స్ప్రైట్‌లో కలుపుకుని తాగింది తప్ప ఇంకో జ్ఞాపకం లేదు, అది కూడా మంచి జ్ఞాపకం కాదు. ఆఫీసులో ఒకరోజు లంచ్‌లో మాట వచ్చింది. మా టీమ్‌లో ఒకాయన ఫ్రీజర్‌లో రాత్రంతా పెట్టి ఒకే గుక్కలో కొట్టాలి అన్నాడు. పక్కనే ఉన్నామె సొంతూరు బియావిస్తోక్, ఈ మందు తయారయ్యే ఊరు, ఆమెకి కోపం వచ్చేసింది, ఫ్రీజర్‌లో పెడితే ఇంక అందులో గడ్డి ఎందుకు, మామూలు తెల్ల వోడ్కా తాగొచ్చుగా అంది. మూడో అతను మీ ఇద్దరూ తప్పే, ఆపిల్ జ్యూస్ లేకుండా దాన్ని ముట్టుకోకూడదు అన్నాడు. ముగ్గురూ అరగంట కొట్టుకున్నారు. మన దగ్గర ఆవకాయలో వెల్లుల్లి వెయ్యాలా వద్దా అని కొట్టుకున్నట్టే. సరే, అన్నీ నేనే చేసి చూస్తా అని అక్కడే డిసైడ్ అయ్యా.

2025 ఫిబ్రవరి 14, శుక్రవారం సాయంత్రం కొన్నా. అర లీటర్ సీసా సూపర్‌మార్కెట్ ఆఫర్‌లో 36 జ్లోటీలు, అంటే మన డబ్బుల్లో సుమారు 780 రూపాయలు. అదే సీసా మా బిల్డింగ్ కిందున్న జాబ్కాలో ఇంకా ఎక్కువ. జాబ్కా అంటే ఇక్కడ సందు సందుకీ ఉండే చిన్న పచ్చ బోర్డు షాపు, పొద్దున్నుంచి రాత్రి దాకా తెరిచే ఉంటుంది కాబట్టి రేటు కొంచెం ఎక్కువేస్తారు. క్యూలో నా ముందు అందరూ గులాబీ పూలు పట్టుకుని ఉన్నారు, నేనొక్కడినే వోడ్కా, ఉప్పు దోసకాయల డబ్బా పట్టుకుని నిలబడ్డా, క్యాషియర్ ఆంటీ నా మొహం వైపు జాలిగా చూసింది.

ఇంటికొచ్చాక నా రూమ్మేట్ (గుంటూరోడు, నన్ను మామా అంటాడు) సీసా లైట్‌కి అడ్డంగా పట్టుకుని చూసి, "మామా, ఇదేంది, గడ్డి తినేదాకా వచ్చామా మనం" అన్నాడు. ఆ జోకు నెల రోజులు నడిచింది మా ఇంట్లో.

ముందు ఏమీ కలపకుండా, చల్లబెట్టకుండా, రూమ్ టెంపరేచర్‌లోనే ఒక చిన్న గ్లాసులో పోసి వాసన చూశా. నిజం చెప్తున్నా, నేను అస్సలు ఊహించలేదు. వోడ్కా అంటే స్పిరిట్ వాసన కొడుతుందని ముక్కు దూరంగా పెట్టా, కానీ వచ్చింది కోసి రెండ్రోజులు ఎండబెట్టిన గడ్డి వాసన. దాని వెనక కొంచెం వెనిల్లా, కొంచెం బాదం పప్పు, ఇంకా చాలాసేపు ముక్కు దగ్గరే పెట్టుకుంటే ఎండుకొబ్బరి. మా తాతగారింట్లో గేదెలుండేవి, నాకు ఆ వాసన కొత్త కాదు, కానీ దాన్ని గ్లాసులో చూడటం కొత్త. రూమ్మేట్ కూడా మూతి పెట్టి చూసి జోకులు ఆపేశాడు.

తాగితే మాత్రం వేరే కథ. వేడిగా ఉన్న గదిలో (ఇక్కడ చలికాలం హీటర్లతో ఇల్లు 23, 24 డిగ్రీలు ఉంటుంది) ఆల్కహాల్ ముందుకొచ్చి నాలుక మీద మంట, ఆ తర్వాతే తీపి లాంటిది వస్తుంది. తీపి అంటే పంచదార తీపి కాదు, వెనిల్లా వాసనకి మన బుర్ర తీపి అనుకుంటుంది కదా అలాంటిది. వాసనకి పదికి తొమ్మిది ఇస్తా, తాగడానికి నాలుగు. ఒక చిన్న సిప్ చాలు, గ్లాసు మొత్తం ఇలా తాగమంటే నా వల్ల కాదు.

ఆ రాత్రి రూమ్మేట్ గూగుల్ చేసి నన్ను నిద్రపోనివ్వలేదు. ఆ వాసన ఇచ్చేది కౌమరిన్ అనే పదార్థం, అమెరికాలో దాన్ని 1954లోనే ఆహారంలో కలపకూడదని నిషేధించారు, లివర్‌కి మంచిది కాదని, అందుకే ఒరిజినల్ జుబ్రూఫ్కా అక్కడ అమ్మరు, అమెరికాకి వెళ్ళేది కౌమరిన్ లేకుండా చేసిన వేరే రకం. "మామా, లివర్ మామా" అని తలుపు దగ్గర నిలబడి ఒకటే గోల. తర్వాత నేను కూర్చుని చదివితే తేలింది ఏంటంటే కౌమరిన్ మనం బిర్యానీలో వేసుకునే మామూలు దాల్చినచెక్కలో కూడా ఉంటుంది, అది కూడా ఎక్కువ మోతాదులోనే. ఇంకో భయం, రక్తం పల్చబడుతుంది అని. అది వార్ఫరిన్ అనే మాత్రల సంగతి, బూజు పట్టిన పశువుల మేతలో కౌమరిన్ మారి తయారయ్యే పదార్థం నుంచి దాన్ని కనిపెట్టారు, రెండూ ఒకటి కాదు. అయినా లివర్‌కి ముందు చెడు చేసేది అందులో ఉన్న ఆల్కహాలే కదా, గడ్డి మీద కేసు పెట్టి దాన్ని వదిలేయడం ఏంటో. లివర్ ప్రాబ్లమ్ ఉన్నవాళ్ళు, రోజూ మాత్రలు వేసుకునేవాళ్ళు ఎలాగూ డాక్టర్‌ని అడక్కుండా ఏ మందూ తాగకండి.

పడుకునే ముందు సీసా ఫ్రీజర్‌లో పెట్టా. పగిలిపోతుందేమో అని కొంచెం భయం, బీరు సీసా ఒకసారి అలా పేలింది మా ఫ్రెండ్ రూములో. కానీ 40 శాతం దగ్గర ఆల్కహాల్ ఉన్నది ఇంటి ఫ్రీజర్‌లో గడ్డకట్టదు, దానికి మైనస్ 20 కంటే కిందకి పోవాలి, మన ఫ్రీజర్ మైనస్ 18 దగ్గరే ఆగుతుంది.

శనివారం సాయంత్రం ఆ ఫ్రీజర్ పార్టీ కొలీగూ, బియావిస్తోక్ ఆమె ఇద్దరూ వచ్చారు. ఇక్కడ చెప్పుకోవాల్సింది ఏంటంటే పోలిష్ వాళ్ళు వోడ్కాకి మనలాగా నీళ్ళు, సోడా కలుపుకుని గంటలు గంటలు కూర్చోరు. చిన్న కాడ గ్లాసు, 50 మిల్లీలీటర్లు పడుతుంది, అందరికీ ఒకేసారి పోస్తారు, అందరూ ఒకేసారి ఎత్తుతారు, కళ్ళలోకి చూసి "నా జ్ద్రోవియే" అంటారు, ఒకే గుక్క. మధ్యలో నువ్వొక్కడివే చిన్నగా సిప్ చేస్తే అదోలా చూస్తారు. మన స్మాల్ 30, లార్జ్ 60 లెక్కలో వీళ్ళ ఒక్క గ్లాసు దాదాపు ఒక లార్జ్, అది ఒకే గుక్కలో, నీళ్ళు లేకుండా! ఇది గుర్తుపెట్టుకోండి, చిన్న గ్లాసే కదా అని లెక్క వదిలేస్తే తర్వాత మీ ఇష్టం.

ఫ్రీజర్ నుంచి తీస్తే సీసా తెల్లగా మంచు పట్టి ఉంది, చెయ్యి అంటుకుపోతోంది. పోస్తే నీళ్ళలా కాకుండా చిక్కగా, చప్పుడు లేకుండా జారింది. గుక్క వేస్తే మంట లేదు. నిజంగానే లేదు. చల్లగా గొంతులోంచి దిగి, కడుపులోకి వెళ్ళాక అక్కడ వేడి మొదలైంది. రూమ్మేట్ ఫుల్ ఖుషీ, ఇంత స్మూత్ వోడ్కా జన్మలో తాగలేదు అన్నాడు. కానీ నేను గమనించింది ఏంటంటే నిన్న రాత్రి గదంతా నిండిన ఆ గడ్డి వాసన ఇప్పుడు ముక్కు గ్లాసులో పెట్టినా దొరకట్లేదు. మింగాక, ఊపిరి బయటికి వదిలేటప్పుడు మాత్రం ఒక్క క్షణం వచ్చి పోయింది. బియావిస్తోక్ ఆమె ఏమీ అనలేదు, నేను చెప్పాగా అన్నట్టు ఆ ఫ్రీజర్ పార్టీ వైపు చూసింది. చలికి వాసనలు లేవవు కదా, ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి సాంబారు ఎవరైనా వాసన చూశారా.

స్టఫ్ గురించి చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ మందు ఎంత ముఖ్యమో పక్కన ప్లేటు అంత ముఖ్యం. వాళ్ళు తెచ్చినవి ఉప్పు నీళ్ళలో పులిసిన దోసకాయలు (ఒగూరెక్ కిషోనీ, వెనిగర్‌లో వేసినవి వేరు, అవి తియ్యగా ఉంటాయి, కొనేటప్పుడు చూసుకోండి), రై బ్రెడ్, ఇంకా నూనెలో ఉల్లిపాయ ముక్కలతో నానబెట్టిన హెర్రింగ్ చేప. అది పచ్చి చేపే, ఉప్పులో ఊరింది అంతే. నేను కళ్ళు మూసుకుని తిన్నా, మొదటి ముక్క కష్టం, రెండో ముక్కకి అర్థమైంది ఎందుకు తింటారో, నూనె నోటికి పట్టుకుని ఉంటుంది, దాని మీద చల్లటి వోడ్కా పోతే రెండూ ఒకదాన్నొకటి కడిగేస్తాయి. మా వాడు మిరపకాయ బజ్జీలు వేశాడు, పోలిష్ వాళ్ళు కారానికి ఏడుస్తూనే ప్లేటు ఖాళీ చేశారు. కానీ జుబ్రూఫ్కాకి బజ్జీ కుదరదు అని నా అభిప్రాయం, కారం ఉంటే ఆ సున్నితమైన వాసన ఏదీ తెలియదు, అప్పుడు ఏ వోడ్కా అయినా ఒకటే. దోసకాయ మాత్రం సూపర్, ఆ పులుపు, ఉప్పు, దాంట్లో వేసే సోయాకూర కాడల వాసన, అన్నీ కలుస్తాయి.

బియావిస్తోక్ ఆమె తన పద్ధతి చూపిస్తానని సీసాని ఫ్రీజర్‌లో పెట్టనివ్వకుండా మామూలు ఫ్రిజ్ డోర్‌లో పెట్టించింది. గంటన్నర వెయిటింగ్. మధ్యలో మా అమ్మ వీడియో కాల్. నేను ఫోన్ పట్టుకుని కిచెన్‌లోకి వెళ్ళి పెరుగు తీద్దామని ఫ్రిజ్ తెరిచా, "ఏంట్రా ఆ సీసా, లోపల గడ్డి ఉందేంటి, ఏదన్నా ఆయుర్వేదం మందా" అంది. పక్కనుంచి రూమ్మేట్ "అవునత్తా, జలుబుకి" అన్నాడు. అమ్మ నమ్మిందో లేదో తెలియదు కానీ నాన్న వెనక నుంచి నవ్వడం వినిపించింది.

ఫ్రిజ్ చల్లదనంలో, అంటే ఓ ఏడెనిమిది డిగ్రీలు అనుకోండి, అప్పుడు తాగితే రెండూ ఉన్నాయి. మంట తగ్గింది, వాసన మిగిలింది. ఆమె గుక్క వేయనివ్వలేదు, మూడు నాలుగు సార్లుగా తాగమంది. గ్లాసు చేతిలో పట్టుకుంటే చేతి వేడికి కొంచెం కొంచెం వేడెక్కుతూ, మొదటి సిప్‌లో గడ్డి, చివరి సిప్‌లో వెనిల్లా, బాదం వస్తున్నాయి. నీట్‌గా తాగాలంటే ఇదే దారి అని నేను ఫిక్స్ అయిపోయా. ఫ్రీజర్ పార్టీ కొలీగ్ ఒప్పుకోలేదు, వోడ్కా సిప్ చేయడం ఏంటి ఇదేమన్నా కాఫీనా అని గొణుగుతూనే ఉన్నాడు.

ఆదివారం పొద్దున తల మరీ పగిలిపోలేదు కానీ నోరు ఎండిపోయి, కడుపులో వెలితిగా ఉంది. వాళ్ళు వెళ్తూ వెళ్తూ చెప్పిన చిట్కా ప్రకారం దోసకాయల డబ్బాలో మిగిలిన ఉప్పు నీళ్ళు తాగా. వినడానికి ఛీ అనిపిస్తుంది, కానీ ఉప్పు వేసుకుని పల్చటి మజ్జిగ తాగితే ఎలా ఉంటుందో కడుపుకి అలాగే హాయిగా అనిపించింది.

ఇంక ఆపిల్ జ్యూస్ సంగతి. దీనికి ఇక్కడ షార్లోత్కా అని పేరు, అంటే ఆపిల్ కేకు. జ్యూస్ కొందామని బయల్దేరితే ఆదివారం సూపర్‌మార్కెట్లు బంద్. 2018 నుంచి ఇక్కడ చట్టం ఉంది, ఏడాదిలో కొన్ని ఆదివారాలు తప్ప పెద్ద షాపులు తెరవకూడదు, ఇన్నాళ్ళు ఉండి కూడా ప్రతి ఆదివారం ఎవరో ఒకరం ఖాళీ సంచితో వెనక్కి రావడం మా ఇంట్లో మామూలే. జాబ్కా తెరిచే ఉంది, అక్కడ దొరికింది అట్ట డబ్బాలో వచ్చే తేట ఆపిల్ జ్యూస్. ఒక భాగం జుబ్రూఫ్కా, మూడు భాగాలు జ్యూస్, ఐసు. బాగుంది కానీ ఆహా ఓహో ఏమీ లేదు, తియ్యగా ఉంది, మందు ఉన్నట్టే తెలియట్లేదు, అది ఇంకా డేంజర్.

ఆఫీసులో ఆ మూడో అతనికి చెప్తే నెత్తి కొట్టుకున్నాడు. తేట జ్యూస్ కాదు, మడ్డిగా ఉండే పిండిన జ్యూస్ కావాలంట. వార్సాకి దక్షిణంగా గ్రూయెట్స్ అని ఆపిల్ తోటల ప్రాంతం ఉంది, యూరోపియన్ యూనియన్‌లో ఆపిల్ ఎక్కువ పండించేది పోలండే, ఆ తోటలవాళ్ళు పండు పిండి అలాగే నింపి అమ్ముతారు, నీళ్ళు, పంచదార ఏమీ కలపరు. 3 లీటర్ల అట్టపెట్టె, లోపల ప్లాస్టిక్ సంచి, కింద చిన్న ట్యాప్. 17 జ్లోటీలు పడింది నాకు. వారం మధ్యలో కొని, శుక్రవారం దాకా ఆగి, ఫ్రిజ్‌లో చల్లబడ్డాక కలిపా.

అరే, ఇదీ అసలు సంగతి! పొడుగు గ్లాసులో ముందు ఐసు, దాని మీద 50 మిల్లీలీటర్ల జుబ్రూఫ్కా, తర్వాత జ్యూస్ 150. కలపక్కర్లేదు, ఒక్కసారి తిప్పితే చాలు. మడ్డి జ్యూస్‌లో పులుపు ఉంటుంది, అది తేట జ్యూస్‌లో ఉండదు, ఆ పులుపు తగలగానే గడ్డి వాసన, వెనిల్లా పైకి లేచి, నిజంగా నోట్లో దాల్చినచెక్క వేసి బేక్ చేసిన ఆపిల్ కేకు రుచి వచ్చింది, అందులో దాల్చినచెక్క చుక్క కూడా లేదు. గడ్డిలోనూ, దాల్చినచెక్కలోనూ కౌమరిన్ ఉంటుంది అని పైన చెప్పా కదా, మన నాలుక అలా మోసపోతుంది అనుకుంటా. నేను పైన చిటికెడు పొడి చల్లి కూడా చూశా, అప్పుడు ఎక్కువైపోయింది, అక్కర్లేదు. ఇంకో తమాషా, ఈ వోడ్కా కంపెనీని 2022లో కొన్నది మాస్పెక్స్ అనే జ్యూసుల కంపెనీ, ఇక్కడ ప్రతి షాపులో కనిపించే టిమ్‌బార్క్ జ్యూసులు వాళ్ళవే. వాళ్ళ జ్యూసే కలిపితే గ్లాసులో మందూ వాళ్ళదే, జ్యూసూ వాళ్ళదే, బలే బేరం.

తర్వాత మన ప్రయోగాలు మొదలయ్యాయి. స్ప్రైట్‌లో వేశాం, నిమ్మ వాసన ముందు గడ్డి ఓడిపోయింది. కోలా గురించి అడక్కండి, 36 జ్లోటీలు కాలవలో పోసినట్టే. ఉత్త సోడాతో పర్లేదు, వాసన బుడగలతో పాటు ముక్కుకి వస్తుంది, కానీ సోడా వల్ల కొంచెం చేదు తేలుతుంది. టానిక్ నీళ్ళతో మా వాడికి నచ్చింది, నాకు నచ్చలేదు, చేదు మీద చేదు. కొబ్బరినీళ్ళు నా ఐడియా. ఇక్కడ బోండాలు దొరకవు, డబ్బాలో వచ్చేవే, ఒక డబ్బా 8 జ్లోటీలు, కానీ మందులో ముందే ఆ ఎండుకొబ్బరి ఛాయ ఉంది కాబట్టి కుదురుతుందేమో అనుకున్నా. కుదిరింది. ఆపిల్ జ్యూస్ అంత కాదు కానీ రెండో స్థానం దానికే. వైజాగ్ బీచ్‌లో లేత బోండాం కొట్టించి అందులో వేస్తే ఎలా ఉంటుందో అని అప్పట్నుంచి ఊహించుకుంటున్నా.

చలి బాగా ఉన్న ఒక రాత్రి, బయట మైనస్‌లో, వేడి షార్లోత్కా చేశాం. అదే మడ్డి జ్యూస్ చిన్న గిన్నెలో రెండు లవంగాలు, అల్లం ముక్క వేసి కాచి, పొంగు రాకముందే స్టవ్ ఆపి, కప్పులో పోశాక అప్పుడు వోడ్కా కలపాలి, స్టవ్ మీద ఉండగా కలిపితే ఆల్కహాల్‌తో పాటు వాసన అంతా వంటింట్లోకి పోతుంది, మీ కప్పులో ఏమీ మిగలదు. ఇది తాగి దుప్పటి కప్పుకుంటే ఉన్న సుఖం నేను రాయలేను. కాకపోతే వేడి మీద త్వరగా ఎక్కినట్టు అనిపించింది, ఒక కప్పుతో ఆపండి.

మేలో లాంగ్ వీకెండ్ వచ్చింది. ఇక్కడ మే 1, మే 3 సెలవులు, 2025లో శుక్రవారం ఒక్కరోజు లీవ్ పెడితే నాలుగు రోజులు. బియావిస్తోక్, అక్కణ్ణుంచి ఆ దున్నలు తిరిగే బియావొవియెజా అడవి చూద్దామని వెళ్ళాం. వార్సా నుంచి బియావిస్తోక్‌కి ట్రైన్ రెండు గంటల పైన, టికెట్ 60 జ్లోటీల పైచిలుకు. అక్కడ మెయిన్ స్క్వేర్ దగ్గర హోటల్లో బాబ్కా తిన్నాం, అంటే బంగాళాదుంప తురిమి, ఉల్లిపాయ, బేకన్ వేసి ఓవెన్‌లో కాల్చిన దిమ్మ, పైన కరకర, లోపల మెత్తన, పక్కన జుబ్రూఫ్కా ఏ చల్లదనంలో ఇస్తారో చూద్దామని ఆర్డర్ చేశా. ఫ్రిజ్ చల్లదనమే! మంచు పట్టలేదు, గ్లాసు బయట సన్నటి చెమట మాత్రం ఉంది. వెంటనే ఫోటో తీసి ఆఫీస్ గ్రూపులో పెట్టా. ఫ్రీజర్ పార్టీ ఇప్పటికీ రిప్లై ఇవ్వలేదు.

బియావొవియెజాకి బస్సులో ఇంకో రెండు గంటలు, హైనూఫ్కా మీదుగా. బెలారస్ బోర్డర్ పక్కనే కాబట్టి దారిలో బస్సు ఆపి కార్డులు చూశారు, రెసిడెన్స్ కార్డు, పాస్‌పోర్టు రెండూ జేబులో పెట్టుకుని వెళ్ళండి, ఫోన్‌లో ఫోటో ఉంది అంటే కుదరదు. సెలవుల రేటు, రూము రాత్రికి 260 జ్లోటీలు పడింది. అడవిలో లోపలి భాగానికి గైడ్ లేకుండా పంపరు. గైడ్ పెద్దాయన దున్నల గురించి చెప్పాడు, ఈ అడవిలో స్వేచ్ఛగా తిరిగే ఆఖరి దాన్ని 1919లో చంపేశారు, తర్వాత జూలలో మిగిలిన కొన్నింటి నుంచి పెంచి 1952లో మళ్ళీ అడవిలోకి వదిలారు. మాకు అడవిలో ఒక్కటీ కనపడలేదు, కంచె ఉన్న చోట చూశాం, దగ్గరగా చూస్తే సీసా మీద బొమ్మకంటే చాలా బద్ధకంగా ఉంది.

గడ్డి చూపించమని నేనే అడిగా. చెట్లు పలచగా ఉన్న చోట, ఎండ పడే దగ్గర, మామూలు గడ్డి మధ్యలో ఉంది, ఆయన చూపించకపోతే తొక్కుకుంటూ పోయేవాణ్ణి. పీకొద్దు అన్నాడు, మోకాళ్ళ మీద కూర్చుని మొహం పెట్టి వాసన చూస్తే ఏమీ లేదు. పచ్చి గడ్డి అంతే. అప్పుడు ఆయన తన జేబులోంచి పోయినేడు ఎండిన పోచ ఒకటి తీసి వేళ్ళ మధ్య నలిపి ఇచ్చాడు. గుప్పుమంది. అదే వాసన, సీసాలోదే, ఇంకా గట్టిగా. ఎండితేనే కౌమరిన్ బయటికొస్తుందట, అందుకే కోసి ఆరబెట్టి, ఆ ఎండుగడ్డి సారం తీసి మందులో కలుపుతారు, సీసాలో ఉండే పోచ ఎక్కువగా గుర్తుకోసమే. అది విన్నాక రూమ్మేట్ మొహం చూడాలి, ఎందుకంటే వాడు ఖాళీ సీసాలోంచి పోచ బయటికి తీసి మామూలు వోడ్కాలో వేసి మళ్ళీ జుబ్రూఫ్కా చేద్దామని దాచిపెట్టాడు. బస్టాండ్ దగ్గర ఒక ముసలావిడ ఎండిన గడ్డి చిన్న కట్టలు అమ్ముతుంటే ఒకటి కొన్నాం, ఇప్పుడు అది నా బట్టల అలమారలో ఉంది.

ఇండియాకి తీసుకెళ్ళేవాళ్ళకి: క్యాబిన్ బ్యాగ్‌లో పెడితే సెక్యూరిటీ దగ్గరే తీసేసే అవకాశం ఉంది, చెక్-ఇన్‌లో బట్టల మధ్య చుట్టి పెట్టుకోండి, లేదా ఎయిర్‌పోర్ట్ డ్యూటీ ఫ్రీలో సీల్ వేసిన కవర్‌లో కొనుక్కోండి. మధ్యలో ఫ్లైట్ మారితే ఆ సీల్ విప్పకండి. ఇండియాలో మనిషికి 2 లీటర్ల దాకా డ్యూటీ లేదు. నేను ఆగస్టులో రెండు సీసాలు పట్టుకెళ్ళా, బాబాయ్ చెప్పిందేదీ వినకుండా నీళ్ళు, ఐసు కలుపుకుని తాగి, బాగుంది గానీ వీక్‌గా ఉందిరా అన్నాడు. మన దగ్గర దొరికే డబ్బా ఆపిల్ జ్యూస్ చాలా తీపి, దాంతో చేయకండి. పుల్లటి పచ్చ ఆపిల్ ఒకటి, ఎర్రది ఒకటి మిక్సీలో వేసి, పల్చటి గుడ్డలో పిండి, నల్లబడకుండా నాలుగు చుక్కల నిమ్మరసం వేసి వెంటనే కలపండి. నురుగు పైకి తేలుతుంది, స్పూన్‌తో తీసేయండి. బాబాయ్ రెండో గ్లాసు అలా తాగాడు, వీక్ అన్న మాట మళ్ళీ అనలేదు.